కత్తి పెట్టని దుప్పి

మా ఊళ్లో థెల్మా గానియోన్ అంటే స్కూలు బస్సు. వెర్మాంట్ ఉత్తరాన, మా కొండ దారుల్లో, మోకాలి లోతు మంచులో కూడా ఇరవై రెండేళ్లు నడిపింది. ప్రతి ఇంటి ముందూ హారన్ ఒక్కసారి కొట్టేది. ఆల్డెన్ ప్రౌటీ ఇంటి ముందు మాత్రం హారన్ మీద నుంచి చెయ్యి తీసేది కాదు. ఆయన మనవళ్లు అప్పటికే రోడ్డు మీద నిలబడి ఉన్నా అంతే.

"పిల్లలొచ్చేశారు కదమ్మా, ఇంకెందుకా మోత?" అని ఆల్డెన్ కిటికీలోంచి అరిచేవాడు.

"నేను పిలుస్తోంది పిల్లల్ని కాదులే" అనేది థెల్మా, ఇంకోసారి మోగించి.

ఆ కక్ష 1978 నవంబరులో మొదలైంది. కొండ మీద ఆల్డెన్‌కి ఒక వేట గుడిసె ఉంది. ఎనిమిది మంచాలు, ఒక ఇనప పొయ్యి, కాల్చిన బీన్సు వాసన. దుప్పుల వేటకి అనుమతి ఉన్న ఆ రెండు వారాలూ మగాళ్లం ఎనిమిదిమందిమి అక్కడే పడి ఉండేవాళ్లం. అందరివీ తాతల నాటి రైఫిళ్లే, తూటా తూటాకీ లీవరు లాగి కాల్చాల్సినవి. దుర్భిణి బిగించిన తుపాకీ తెచ్చినవాణ్ణి ఆల్డెన్ గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. "కళ్లు లేనోడికి వేటెందుకురా?" అనేవాడు.

గుడిసెకొక కట్టుబాటు ఉంది. దుప్పిని కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరూ ఏడూ రాసి, గోడకి మేకు కొట్టాలి. గోడంతా గుడ్డముక్కలే. నావి అప్పటికే మూడు. ఆల్డెన్‌ది ఒక్కటీ లేదు. ఆ మాట రోజుకి నాలుగుసార్లు గుర్తుచేస్తేగానీ ఆయనకి అన్నం అరిగేది కాదు.

థెల్మా మొగుడు ఓవిలా. కలప కోతమిల్లులో పని, నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఏడు ఎనిమిది కొనల కొమ్ములున్న దుప్పిని కొట్టాడు. అది పారిపోతే నెత్తుటి చుక్కలు పట్టుకుని మూడు గంటలు నడిచాడు. తీరా వెళ్లేసరికి ఆల్డెన్ దాని కడుపు చీల్చి, పేగులు తీసేసి, కొమ్ముకి తన పేరున్న వేట చీటీ కట్టేసుకుని కూచున్నాడు. చంపినచోటే కడుపు శుభ్రం చెయ్యడం మా పద్ధతి, లేకపోతే మాంసం చెడుతుంది.

"మొదటి దెబ్బ నాది, ఆల్డెన్. ఆ నెత్తుటి జాడలోనే వచ్చాను."

"నెత్తురు నా దెబ్బదేనోయ్. నువ్వు గాలిని కొట్టుంటావు."

మొదటి దెబ్బ ఎవరిదైతే దుప్పి వాళ్లదే, అందులో తగవు లేదు. దుప్పిని మా కొట్టుకి తెచ్చారు. వేటాడిన దుప్పిని తూచి, పుస్తకంలో ఎక్కించేది నేనే. కాటాకి వేలాడదీశాక ఓవిలా, "వెస్, నువ్వు చూడు. నువ్వేం చెప్తే అదే" అన్నాడు. చూశాను. మెడ మీద ఆల్డెన్ కొట్టిన గాయం ఒక్కటే ఉందన్నాను.

ఆ సాయంత్రం గుడిసెలో ఓవిలా చొక్కా కత్తిరించారు. రెండు చేతులూ ఇద్దరు పట్టుకున్నారు. ఒకణ్ణి నేను. అది సరదాగా జరగాల్సిన తంతు, పట్టుబడ్డవాడు కూడా నవ్వాలి. ఓవిలా నవ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడూ గుడిసె ఎక్కలేదు. మిల్లులో కుర్రకుంకలు వెనకనుంచి కోటు ఎత్తి, "ముక్క మొలిచిందా మామా?" అని అడిగేవాళ్లు. పదకొండేళ్లు అలాగే పడ్డాడు. ఒకరోజు వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ గుండె ఆగి కూలిపోయాడు.

సమాధి దగ్గర ఆల్డెన్ టోపీ తీసి, "మంచోడే పాపం, గురే లేదు" అన్నాడు. పక్కనే థెల్మా ఉంది. నేను ఆవిడ మొహం చూశాను. ఏడుపు టక్కున ఆగిపోయింది.

వారం తిరక్కుండా కొట్టుకొచ్చి, ఓవిలా రైఫిలుకి సరిపడే తూటాలు రెండు పెట్టెలు అడిగింది.

"నీకెందుకమ్మా ఇవి?"

"ఆల్డెన్ చొక్కాముక్క ఆ గోడ మీద చూడాలి. మా ఆయనది దిగాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు నాకు."

"ఆయన గురి తప్పడు, థెల్మా."

"ముసలాడు కాకుండా పోతాడా?"

ఎనిమిదేళ్లు కాచుకుంది. ఆల్డెన్ ఎక్కడ కూచుంటే దానికి ఎగువన, బీచి చెట్ల మధ్య తనూ కూచునేది. ఆ కొండవాలు ఆయనది కాదు, పొమ్మనడానికి లేదు. ఈలోగా ఆల్డెన్ కంట్లో పొర కమ్మింది. ఆ సంగతి మాకు తెలుసు, ఆయన ఒప్పుకోడు.

1997లో ఆయన పక్కన నేనున్నాను. పాత రాతిగోడ దాటి పెద్ద దుప్పి వచ్చింది, ఎనభై గజాలు కూడా లేదు. ఆల్డెన్ కాల్చాడు. లీవరు తోశాడు, లాగాడు, మళ్లీ కాల్చాడు. అయిదు తూటాలు, అయిదు ఖాళీ గొట్టాలు మంచులో పడ్డాయి. దుప్పి చెవి కూడా కదల్చలేదు, నింపాదిగా ఎగువకి నడిచిపోయింది. కాసేపటికి పైన ఒక్క తూటా పేలింది.

మేం రొప్పుతూ ఎక్కేసరికి థెల్మా దుప్పి పక్కన మోకాళ్ల మీద కూచుని, కొమ్ముకి చీటీ కడుతోంది.

"అది నాది. ముందు నేనే కొట్టాను" అన్నాడు ఆల్డెన్, సిగ్గు లేకుండా.

"అలాగా? అయితే కొట్టు దగ్గరే తేలుతుంది."

అలవాటు కొద్దీ నేను కత్తి తీశాను, కడుపు చీల్చడానికి. థెల్మా నా మణికట్టు పట్టుకుంది.

"కత్తి పెట్టకు, వెస్. కాటా ఎక్కేదాకా దీని మీద ఏ కత్తీ పడ్డానికి వీల్లేదు."

కత్తి ఒరలో పెట్టేశాను. ఆవిడకి తెలిసిపోయింది, లేదా ఎనిమిదేళ్లూ ఆ చెట్ల కింద కూచుని ఆలోచించి పట్టేసింది. పేగులతో సహా ఆ బరువుని రెండు గంటలు ఈడ్చాం.

కొట్టు ముందు ఇరవైమంది పోగయ్యారు. దుప్పి చెక్కుచెదరకుండా కాటాకి వేలాడింది. ఒక్కొక్కరూ వెంట్రుకలు విడదీసి మరీ వెతికారు. భుజం వెనక ఒకే గాయం. థెల్మా కాల్చిందీ ఒకటే తూటా.

"వెస్, ఆల్డెన్ ఎన్ని కాల్చాడు?" అని అడిగిందావిడ.

"అయిదు" అన్నాను. ఆల్డెన్ నా వైపు గుచ్చి చూశాడు. చూడనీ అనుకున్నాను.

థెల్మా సంచీలోంచి పెద్ద కత్తెర తీసింది. ఆల్డెన్ రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక జనం దారివ్వలేదు.

"ఆడదానిచేతా?" అన్నాడు.

"కట్టుబాటు నీదే కదయ్యా. తిరుగు."

డెబ్బై ఒక్కేళ్ల మనిషి, నెమ్మదిగా తిరిగాడు. ఆవిడ తొందరపడలేదు. ఒక్కో అంగుళం చొప్పున కత్తిరించింది. నాకు జాలేయలేదు, ఇప్పటికీ వేయదు. ముక్క మీద ఆల్డెన్ ప్రౌటీ, 1997 అని రాసింది.

అయిపోయిందనుకున్నాం. థెల్మా కత్తెర మూయలేదు.

"ఇప్పుడు చెప్పు వెస్. మా ఆయన అడిగిన రోజు నువ్వేం చూశావు?"

పంతొమ్మిదేళ్ల అబద్ధం అది. ఇక దాచకుండా చెప్పేశాను. కడుపు చీల్చిన గాటుకి ఒక అంచున, రొమ్ముఎముక కింద, సగం గుండ్రం. రెండో అంచున మిగతా సగం. రెండూ దగ్గరికి చేరిస్తే తూటా దూరిన రంధ్రం. ఆల్డెన్ తన కత్తిని సరిగ్గా దాని మీదుగానే లాగాడు.

"మరెందుకు చెప్పలేదు?"

"గుడిసెలో నా మంచం పోతుందని."

బయటికి అనేశాకగానీ అది ఎంత చిన్న సంగతో నాకే తెలిసిరాలేదు.

"మంచం" అంది థెల్మా. "ఒక్క మంచం కోసం. తిరుగు."

"ఆ రోజు నేను తూటా కూడా కాల్చలేదు థెల్మా" అన్నాను. ఆవిడ కత్తెర చూపించింది. చొక్కా పైకి లాగి తిరిగాను. కత్తెర నడుముకి చల్లగా తగిలింది.

మర్నాడు గుడిసె తలుపు ఆవిడే తోసుకుని వెళ్లింది, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఓవిలా ముక్క ఊడదీసి మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ఆ చోటే మా ఇద్దరి ముక్కలకీ మేకులు కొట్టింది. మిగతా ముక్కలన్నిటి మీదా ఒక్కో ఏడే ఉంటుంది. నా ముక్క మీద వెస్ టూథేకర్, 1978 నుంచి 1997 దాకా అని ఉంది.