రెండు సంతలుగా అబద్ధం లేదు

శబరి నది మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఒకసారి మా పడవను బోర్లా తోసేసిన వాలుగు చేప కూడా నిజమే. అది పోతూ పోతూ నాకు కన్ను కొట్టిందన్న దగ్గరే జనం అడ్డం పడతారు.

మొన్న కొంటా ఊరి సంత రోజున ఒక రైతు నా ఆటో ఎక్కాడు. కాళ్ల మధ్య స్ప్రే పంపు పెట్టుకున్నాడు. బండి కుదుపుకు దాని మూత సందులోంచి పురుగుమందు వాసన ముక్కుకు తగిలింది. బండి నెమ్మది చేశాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు సుభద్ర నర్సమ్మ గొంతు వినబడుతుంది.

ఆమె బచేలి ఇనుప గని క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంధ్రా మనిషి. మా వైపు ఊళ్లకు నర్సుగా వచ్చింది. బీపీ, షుగరుతో పాటు మనసు ఎలా ఉందో కూడా ఇంటింటికీ వెళ్లి అడగాలని పైనుంచి కాగితం వచ్చింది. తొమ్మిది ప్రశ్నలు, అన్నీ హిందీలో. ఆమెకు మా ఊళ్ల భాషలు దోర్లీ, గోండీ రావు. నాకు నాలుగు భాషల్లో అబద్ధాలాడడం వచ్చు. అందుకని ఆటోతో సహా నన్ను కుదుర్చుకుంది.

మొదటి ఊళ్లోనే కాగితం మొరాయించింది. ప్రతి ప్రశ్నా 'గత రెండు వారాలుగా' అని మొదలవుతుంది. గుమ్మంలో చీపుర్లు కట్టుకుంటున్న అవ్వకు వారాల లెక్క ఎందుకు? ఏమడిగినా "మంచిగనే ఉన్న బిడ్డా" అంటోంది. చివరికి నేనే, "రెండు సంతల సంది ఏ పని మీదా మనసు పోతలేదా, అవ్వా?" అని దోర్లీలో తిప్పి అడిగాను. అవ్వ చేతులు ఆగిపోయాయి. "పోయిన సంతకు పోలే. దాని ముందటి సంతకూ పోలే. ఇంట్ల ఉప్పు అయిపోయినా పోబుద్ధి కాలే" అంది. నర్సమ్మ కాగితం మీద వారాలు కొట్టేసి సంతలు అని రాసుకుంది.

తిరుగు దారిలో, "ఏమైందని అడిగితే ఎవరూ చెప్పరు ముత్తయ్యా. ఏం మానేశారో చూడాలి" అంది.

"నేను సంత మానేస్తే దుకాణాలన్నీ బంద్ అయితయి నర్సమ్మా" అన్నాను.

ఆ వేసవిలో నాకేదో అయింది. ఎందుకని అడగకండి. దేనికైనా పద్నాలుగు కారణాలు అల్లగల నాకు దానికి ఒక్కటీ దొరకలేదు. అన్నం మట్టిలా ఉండేది. ఆమె అడిగింది అడిగినట్టు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పేవాణ్ణి. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె అద్దంలోంచి నన్నే చూస్తూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం అడవి దారిలో, "బండి ఆపు" అంది. ఆపాను. ఇంజను చప్పుడు పోయాక ఎండుటాకుల గలగల తప్ప ఇంకేమీ లేదు.

"ఆ చేప ఏ కన్ను కొట్టింది? కుడిదా, ఎడమదా?"

"ఏ చేప?"

"మీ పడవని తోసేసింది కదయ్యా!"

"పడవ రాయికి తగిలింది నర్సమ్మా. చేప ఏం లేదు."

ఆమె సీటు అంచుకు జరిగింది. "రెండు సంతల నుంచి నువ్వు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు ముత్తయ్యా" అంది. తర్వాత నా సీటు కింద ఉన్న సంచి వైపు చూపించింది. వాసన పొద్దున్నే తెలిసిందట. "మీ మిరప చేను పీకేసి నెల దాటింది. మందు డబ్బా ఎందుకు?"

నేను సంచిని మడమతో ఇంకా లోపలికి తోశాను. ఆమె కాగితం తీయలేదు. నేను ఎన్నో గుమ్మాల్లో అడిగిన తొమ్మిదో ప్రశ్నను, దోర్లీలో, నా మాటల్లోనే, నాలుక తడబడుతూ అడిగింది. "రెండు సంతల సంది... బతుకుడు కన్నా సచ్చుడే నయమనిపిస్తోందా, ముత్తయ్యా?"

నేను పెద్దగా నవ్వాను. "మా మాట మస్తు నేర్చినవ్ నర్సమ్మా" అంటూ డబ్బా తీసి ఆమె చేతికిచ్చాను.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. "సుక్మా ఆసుపత్రికి పోనీ."

"ఇయ్యాల్నే పోవాల్నా?"

"ఇప్పుడే. దారంతా మాట్లాడుతూనే ఉండు. నిజమో అబద్ధమో, నీ గొంతు నాకు వినబడాలి."

డాక్టరు గది బయట నా పక్కనే కూర్చుంది. మాత్రలు, మాటలు, మళ్లీ మళ్లీ సుక్మా. వానలు వచ్చి వెళ్లిపోయేదాకా పట్టింది.

ఇప్పుడామె రిటైరై బచేలిలో ఉంది. ప్రతి సంత రోజూ ఫోన్ చేసి, "ఏంటయ్యా, ఇవాళ్టి అబద్ధం?" అంటుంది. చెబుతాను. నా ఆటో ఎక్కేవాళ్లలో కోతలు కోసేవాడు కోతలు మానేసినా, కిరాయికి పోట్లాడే ఆవిడ పోట్లాట మానేసినా బండి పక్కకు ఆపుతాను. మొన్నటి రైతునూ అడిగాను, మందు ఏ చేనుకని. "పత్తికి! నీకేంది భయం, బుగులు పట్టిందా? సక్కగ నడుపు" అని తిట్టాడు. ఆ తిట్టు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక ఒప్పుకోవాలి. చేప సంగతి మీరు ఎప్పుడో పట్టేసి ఉంటారు. కల్పించింది ఇంకొకటి ఉంది. ఆ అడవి దారిలో నేను నవ్వలేదు. డబ్బా ఇవ్వనూ లేదు, ఆమే వంగి లాక్కుంది. నేను హ్యాండిల్ మీద తల ఆనించి, "అవును" అన్నాను.