ఆంప్లిఫయర్ ఐజాక్

ధర్మవరంలో నా టైలరింగ్ షాపుకీ ఐజాక్ షాపుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు. అటువైపు వాడు పాట పెడితే ఇటువైపు నా మిషను మీద సూదులు కదిలేవి. ఆ రేకుకు అటూ ఇటూ కూర్చుని మేం తిట్టుకున్నంతగా సొంత అన్నదమ్ములు కూడా తిట్టుకోరు. కాబట్టి వాడి గురించి అన్నీ మంచే చెబుతానని ఎవరూ అనుకోవద్దు.

వాడిది విడపనకల్లు. వాళ్ల నాయన వేరుశనగ వేయడం, వాన మొహం చాటేయడం, ఏటా అదే తంతు. ఆ చేను నమ్ముకుంటే మట్టే మిగులుతుందని వాడు చిన్నప్పుడే బళ్లారి పోయి ఒక రేడియో షాపులో పని నేర్చుకున్నాడు. మా ఊరి కృపాకుమారిని పెళ్లి చేసుకుని ఇక్కడే ఆంప్లిఫయర్లు తయారుచేసే షాపు పెట్టాడు. ఆమె పట్టుగూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ యూనిట్‌లో కూలికి పోయేది.

మా ఊళ్లో నేతగాళ్లకు మగ్గం పక్కన పొద్దస్తమానం పాట మోగుతూ ఉండాలి. బజారులో దొరికే సెట్లు మా ఎండలకు మధ్యాహ్నానికే చేతులెత్తేస్తాయి. ఐజాక్ చేసినవి మాత్రం మే నెలలో కూడా ఆగేవి కావు. అందులో మంత్రమేమీ లేదు. సౌండు పెంచేకొద్దీ ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి. ఆ వేడిని లాగేయడానికి వాటిని రెక్కలున్న అల్యూమినియం దిమ్మెకు బిగిస్తారు. హీట్‌సింక్ అంటారు దాన్ని. ఊరికే స్క్రూ తిప్పేస్తే చాలదు. రంధ్రం తొలిచినచోట లేచిన ముల్లును ఆకురాయితో అరగదీసి, నున్నగా అయిందో లేదో బొటనవేలితో తడిమి చూడాలి. కరెంటు దాటకుండా పల్చటి మైకా ముక్క వేయాలి. వేడి దాటడానికి ఆ ముక్కకు రెండు వైపులా తెల్ల పేస్టు పుయ్యాలి, అదీ దోసె పెనానికి నూనె రాసినంత పల్చగా. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే.

మూత బిగించే ముందు వాడు పెద్ద సౌండుతో పాట పెట్టి, తీరిగ్గా టీ తాగి, ట్రాన్సిస్టర్ మీద చూపుడువేలు ఆనించేవాడు. “ఏలు ఓర్చుకుంటే పాసు, ఎనక్కి తీస్తే ఫెయిలు” అనేవాడు. ఫెయిలైతే అన్నీ విప్పి, తుడిచి, మొదటికి వచ్చేవాడు. ఊరంతా నమ్మింది ఆ వేలినే.

వేడి కొలిచే మీటరు కొనుక్కోరా అని నేను నెత్తీ నోరూ మొత్తుకున్నాను.

“మీటరుకేం తెలుస్తాదన్నా? అది అంకె చెప్తాది. ఏలు నిజం చెప్తాది” అని నన్నే ఎగతాళి చేశాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడు. నేను నోరు మూసుకున్నాను.

తర్వాత వాడికి షుగరు వచ్చింది. మందులు ఒకరోజు మింగితే నాలుగు రోజులు మరిచిపోయేవాడు. ముందు పాదాలు తిమ్మిరెక్కాయి. కాలికి చెప్పు జారిపోయినా తెలియక అలాగే నడిచి వచ్చేవాడు. ఆ తర్వాత చేతులు. ఒకరోజు వాడి చూపుడువేలి మీద చింతగింజంత బొబ్బ చూసి, ఎప్పుడు కాలిందప్పా అని అడిగాను.

“తెలీదన్నా” అన్నాడు. వేలిని గుప్పిట్లో దాచుకుని, “ఎవురికీ చెప్పొద్దు. ఏలు మొద్దుబారిందని తెలిస్తే నా దగ్గరికి ఎవురొస్తారు? నాకు ఇంకే పనొస్తాది?” అన్నాడు. ఆ పూట నేను వాణ్ణి తిట్టలేదు. భయం వేసింది.

దారి చూపించింది కృపాకుమారే. రీలింగ్ యూనిట్ అప్పటికే మూతపడింది, ఆమె ఇంట్లోనే ఉంటోంది. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చినప్పుడు సంగతి విని, “ఇంతేనా? నా ఏలుతో నేను చూస్తాలే” అంది. ఆ రోజు నుంచి ఆమెకూ ఒక స్టూలు వేశాడు. స్క్రూలు వాడు బిగించేవాడు, వేడి ఆమె చూసేది. “నా ఏలు పోతే ఏమన్నా, నా పెండ్లాం ఏలు లేదా?” అని షాపులో ఎవరూ లేనప్పుడు రేకు అవతలి నుంచి అరిచేవాడు. పని మధ్యలో ఇద్దరూ నవ్వుకోవడం వినబడేది. ఎంత చక్కటి జంట అనుకున్నాను నేను కూడా.

ఈ వేసవి మొదట్లో నరేంద్ర అనే నేతగాడు వచ్చాడు. కుర్రవాడు, ఈమధ్యే సుజాత అనే అమ్మాయితో పెళ్లయింది. మగ్గం గదిలోకి మంచి సెట్టు కావాలన్నాడు. ఐజాక్ మనసుపెట్టి చేశాడు. పాట పెట్టారు, టీ తాగారు. కృపాకుమారి కుడి స్పీకరుకూ ఎడమ స్పీకరుకూ విడివిడిగా ఉండే రెండు వైపుల ట్రాన్సిస్టర్ల మీద వేలు ఆనించి, హాయిగా ఉంచి, “గోరెచ్చగా ఉండాది, అంతే” అంది. వాడు మూత బిగించాడు.

వారం తిరక్కముందే ఆ గది కాలింది. ఎడమవైపు ట్రాన్సిస్టర్ వేడికి మాడిపోయి, కరెంటు నేరుగా స్పీకర్‌లోకి పోయిందట. స్పీకర్‌లో కాగితం అంటుకుంది. దాని పైనే మగ్గానికి డిజైను అట్టలు దండలా వేలాడుతున్నాయి. మొగుడూ పెళ్లాలు పక్క గదిలో అన్నం తింటున్నారు. పొగ చూసి నరేంద్ర పరిగెత్తి, మగ్గం మీద సగం నేసిన చీరను లాగబోయాడు. మండుతున్న అట్టలు చేతుల మీద పడ్డాయి. ప్రాణం దక్కింది. వేళ్లు ముడుచుకుపోయాయి, ఇక పోగు పట్టలేడని డాక్టరు చెప్పేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అని బజారులో ఒకడు అంటే వాణ్ణి కొట్టబోయాను.

మసిబారిన సెట్టును ఐజాక్ షాపుకు తెచ్చి విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఎడమవైపు ట్రాన్సిస్టర్ తీస్తే కింద రంధ్రం అంచున ముల్లు అలాగే ఉంది. వాడి బొటనవేలికి అది తగిలి ఉండదు. దాని మీద ట్రాన్సిస్టర్ ఒక పక్కకు లేచి కూర్చుంది, పేస్టు ఒక్క అంచుకే అంటింది. కుడివైపుది కూడా కాస్త వాలే ఉంది, ఇంకా మాడలేదంతే.

“ఇది మొదటి రోజే నిప్పు మాదిరి ఉండింటాది. ఏలు పెట్టనీదు” అన్నాడు.

“మరి కృపమ్మ గోరువెచ్చగా ఉందనింది కదప్పా?”

వాడు ట్రాన్సిస్టర్‌ను బల్ల మీద పెట్టాడు. “పొద్దున సంగటి గిన్నె బట్ట లేకుండా దించిందన్నా. పెండ్లయినప్పట్నుంచీ అట్లే దించుతాది. నేనే చూళ్లేదు” అన్నాడు.

అప్పుడు నాకూ అర్థమైంది. పొగలు కక్కే నీళ్ల తొట్టిలో గూళ్లు వేసి, వాటిలో చెయ్యి పెట్టి దేవి, పోగు కొస పట్టుకోవడమే రీలింగ్ ఆడవాళ్ల పని. పావడా వయసు నుంచి యూనిట్ మూసేదాకా ఆమె చేతులు ఆ నీళ్లలోనే ఉన్నాయి. ఆ చేతులకు వేడంటే ఏమిటో ఎవరు అడిగారు? ఆమె కూడా తనను తాను ఎప్పుడూ అడగలేదు.

“ఆమెకు చెప్పొద్దన్నా. ఆ పిల్లోని చేతులు తన మాట వల్ల కాలినాయని తెలిస్తే తట్టుకోలేదు. నేనే చూసినానని చెప్తా” అన్నాడు ఐజాక్. మా ఇన్నేళ్ల స్నేహంలో వాడితో వాదించకుండా తలూపింది ఆ ఒక్కసారే.

మర్నాడు నరేంద్ర వాళ్ల అన్న వచ్చాడు, పెద్దన్న ఆయన పేరు. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కృపాకుమారి స్టూలు మీద ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

“ఏమప్పా, నీ ఏలు పెట్టి చూసే ఇచ్చినావా మావోనికి?” అన్నాడు.

“చూసినా. సరిగా చూళ్లేదు. తప్పు నాదే” అన్నాడు ఐజాక్, తల ఎత్తకుండా.

“ఎందుకట్ల అబద్ధం చెప్తావు?” అని కృపాకుమారి లేచింది. “చూసింది నేనన్నా. ఈయప్ప ఏళ్లు మొద్దుబారినాయి, నేనే చూస్తాండా. నేను పెట్టినప్పుడు అది కాల్లేదు. నా మొగుని పనిలో తప్పు లేదు. కుడిపక్కది ఇంకా బాగుండాది కదా, పెట్టి చూడండి.”

“వొద్దు కృపా” అన్నాడు ఐజాక్. ఆమె వినలేదు. మొగుడి మీద మాట పడుతుంటే ఏ ఆడది వింటుంది? తనే వైర్లు తగిలించి స్విచ్చు వేసింది. మిగిలిన కుడి సగం పనిచేసింది. ఏదో పెళ్లిపాట వచ్చింది. సౌండు పూర్తిగా పెంచింది. అందరం ఆ పాట వింటూ నిలబడ్డాం. ఆపెయ్యమని అరవాలనిపించింది, కానీ అరిస్తే ఎందుకో చెప్పాల్సి వస్తుంది.

కాసేపటికి ఆమె ట్రాన్సిస్టర్ మీద వేలు ఆనించింది. “చూడన్నా, గోరెచ్చగా ఉండాది. నువ్వూ పెట్టు” అంది.

పెద్దన్న వంగి, ఆమె వేలి పక్కనే తన వేలు పెట్టి, “అబ్బా!” అని వెనక్కి లాక్కున్నాడు. వేలు నోట్లో పెట్టుకున్నాడు. తిట్టడానికి వచ్చిన మనిషి ఆమె చేతిని చూస్తూ అలాగే ఉండిపోయాడు.

కృపాకుమారి వేలు ఇంకా తీయలేదు. ఆయన వంక, తన వేలి వంక చూసింది. మొగుడివైపు తిరిగి, “కాల్తాండాదా ఇది?” అని అడిగింది. ఐజాక్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అడిగినా చెప్పలేడు, వాడికీ తెలియదు.

“రామాంజన్నా, నువ్వు పెట్టి చెప్పు” అంది.

నేను దగ్గరికి వెళ్లి వేలు పెట్టాను. ఆమె కోసం ఓర్చుకుందామనే చూశాను. నా వల్ల కాలేదు.