అమ్ముడుపోని మరువం

మా నాయన కుప్పం పక్కన ఒక పల్లెలో మరువం, దవనం, చామంతి పెడుతుండె. తెల్లారకముందే కట్టలు కట్టి, తడిగోనెలో చుట్టి, రైలెక్కించి బెంగుళూరు మార్కెట్టుకు తీసుకుపోయేవాడు. పెండ్లిళ్ళ కాలంలో గోనె ఒకటే ఇంటికొచ్చేది. ఆషాఢం వచ్చిందంటే మాత్రం కట్టలు ఎట్ల పోయినాయో అట్లే వెనక్కొచ్చేవి, ఇంకొంచెం వాడిపోయి. మా నాయన కోపంతో వాటిని దిబ్బలో పారేయబోతే మా అమ్మ అడ్డంపడేది.

"యాల పారేస్తావు? నువ్వు అమ్మలేకపోతే అది చేసిన తప్పా?"

ఆ కట్టలన్నీ విప్పి, పాత చీర పరిచి, నీడలో ఆరబెట్టేది. పిడికిట్లో పట్టుకుంటే గలగలమనాల. కొంచెం పచ్చి ఉన్నా నూనెలో బూజు పడుతుంది. బాగా ఎండినాక జాడీలో వేసి, గుప్పెడు వట్టివేరు చేర్చి, గానుగలో ఆడించిన నువ్వుల నూనె మునిగేదాకా పోసి, మూతికి గుడ్డ కట్టి ఎండలో పెట్టేది. పొయ్యి మీద కాచేదానికి ఒప్పుకునేది కాదు. "పొయ్యెక్కిస్తే వాసన ఊరోళ్ళకి పోతాది, ఉత్త నూనె మనకు మిగులుతాది" అనేది. రోజూ జాడీని కొంచెం తిప్పి పెట్టడం నా పని. నేను బడికి పోయింది తక్కువ, ఆ జాడీల పక్కన కూర్చున్నదే ఎక్కువ.

పుంగనూరుకు కోడలుగా వచ్చేటప్పుడు బోకులు, బిందెలతో పాటు ఒక జాడీ కూడా వచ్చింది. మా ఆయనకు ఆవులు. పొద్దున, సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోయడం, మధ్యలో ఆవులతో మాట్లాడటం ఆయన పని. మనుషులతో మాటలు కొంచెం తక్కువ. ఆ లోటు మా అత్త తీర్చేది.

నూనె మొదట పక్కింటోళ్ళు అడిగినారు, తర్వాత వాళ్ళ చుట్టాలు అడిగినారు. అట్ల అట్ల తొంభైల్లో నేను సంచి భుజానికేసుకుని మదనపల్లె బస్సెక్కడం మొదలుపెట్టినాను. నూనెకు తోడు నలుగు పొడి కూడా చేస్తుంటిని. పెసలు, కస్తూరి పసుపు, కచోరాలు, ఎండబెట్టిన తంగేడు పూలు, నారింజ తొక్కలు, గులాబీ రేకులు అన్నీ కలిపి పిండిమిషన్లో ఆడించేది. నా సంచి బస్సులో పెడితే చాలు, నేను నోరు తెరిచే పని లేదు.

"అక్కా, నువ్వెక్కినావంటే మా డ్రైవరుకు ఊదొత్తుల ఖర్చు తప్పుతాది" అనేవాడు కండక్టరు.

టికెట్టు మాత్రం వదిలేవాడు కాదు.

ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. అంగళ్ళ ముందర షాంపూ పొట్లాలు తోరణాల మాదిరి వేలాడటం మొదలైంది. ఆడపిల్లలు ఒక పొట్లం చించి తలకు పోసుకుని వెళ్ళిపోతున్నారు. నూనె అంటుకుని, నానబెట్టుకుని, రుద్దుకునే ఓపిక ఎవరికుంది? సంచి ఎంత బరువుతో పోయేదో అంతే బరువుతో తిరిగొచ్చేది, అచ్చం మా నాయన గోనె మాదిరి.

ఒకరోజు మా అత్త వాకిట్లో కూర్చుని వక్క కొరుకుతూ మొదలుపెట్టింది.

"ఏమ్మే, వాసనలమ్మి బాగుపడినోళ్ళను యాడన్నా చూసినావా?"

"ఇంకొన్నాళ్ళు చూస్తానత్తా."

"ఈ పెండ్లిళ్ళ కాలం వరకూ చూడు. అప్పటికీ దారి దొరక్కపోతే ఆ సంచి మడిచి అటకెక్కించు. ఇంకో ఆవును తోలుకొస్తాం. పాలు పిండుకుంటా సల్లంగా ఉండు."

ఆవులంటే నాకేం కోపం లేదు. కానీ పేడ ఎత్తిన చేతులతో మరువం ముట్టుకుంటే ఏ వాసన గెలుస్తుందో మీరే ఆలోచించండి. అదీగాక, మా అమ్మ జాడీ నా చేతుల్లో ఆగిపోవడం నాకిష్టం లేదు.

దారి మదనపల్లెలో కనిపించింది. బజారు వీధిలో పసుపు, కుంకుమ, గంధం, వనమూలికలు అమ్మే అంగడొకటి ఉండేది. దాన్ని నడిపేది ఒక పెద్దామె. అందరూ అంగడమ్మ అనేవాళ్ళు. మనిషి మాట ఖండితం. నేను ఎన్నిసార్లు పోయి అడిగినా "చూద్దాంలే" అనేది. ఆ వేసవిలో వాళ్ళ కూతురికి పెండ్లి కుదిరింది. ఆమే నన్ను పిలిచింది.

"మా పాప నలుగుకు నూనె, పొడి నువ్వే తెచ్చిపెట్టు. మగపెండ్లోళ్ళ ఆడోళ్ళు కూడా వస్తారు. వాళ్ళు మెచ్చుకుంటే మా అంగట్లో ఒక అర నీకే ఇస్తా. లేదంటే ఇంక ఆ మాట ఎత్తద్దు. సరేనా?"

సరే అనక ఏమంటాను? ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే మా అత్త కూడా వక్క కొరకడం ఆపింది.

పొడికి కావాల్సినవన్నీ చేటలో ఏరి, ఎండబెట్టి, డబ్బాకెత్తినాను. ఇక నూనెకు కొత్త మరువం కావాలని కుప్పం బయలుదేరినాను. పోతూ పోతూ మా ఆయనకు చెప్పినాను.

"ఇది మిషన్లో ఆడించుకోని రా. ముందర గుప్పెడు నూకలు ఏసి రాయి తుడిపించు."

"ఊ" అన్నాడు. ఆవు మెడ గోకుతూ అన్నాడు. ఆ ఊ నాకో, ఆవుకో అప్పుడు నేను విచారించలేదు.

వేసవిలో పిండిమిషన్ సంగతి ఆడవాళ్ళకు చెప్పే పనిలేదు. ఊరంతా ఏడాదికి సరిపడా కారంపొడి, సాంబారు పొడి ఆడించుకునేది అప్పుడే. మిషను ముందర నిలబడినవాళ్ళంతా కొంగులు ముక్కుకు కట్టుకుని దొంగల మాదిరి ఉంటారు. అందుకే నేనైతే తెల్లారే పోయి, మొదటి వాయికి మన నూకలు వేయించి, రాయి శుభ్రమైనాకనే నా డబ్బా ఇచ్చేదాన్ని.

కుప్పం నుంచి వచ్చేటప్పటికి పొడి డబ్బా మూతేసి రెడీగా ఉంది. మూత తీసి చూస్తే కచోరాలు, గులాబీ ఘుమఘుమలాడినాయి. రంగు ఎర్రపసుపు, గులాబీ రేకులకు అట్లే వస్తుంది. తుమ్మొచ్చింది. కచోరాలు వేసిన పొడికి తుమ్ము మామూలే. మూత పెట్టేసి, తెచ్చిన మరువాన్ని ఆరబెట్టి నూనెలో వేసి ఎండకు పెట్టినాను.

నలుగు నాడు మా అత్త కూడా నా వెంబడి వచ్చింది. పట్టుచీర కట్టుకుని, నూనె సీసాను బిడ్డను ఎత్తుకున్నట్టు ఒడిలో పెట్టుకుని బస్సులో కూర్చుంది.

అంగడమ్మ ఇంటి వాకిట్లో పందిరి వేసినారు. పెండ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, తలనుంచి కాళ్ళదాకా నూనె దండిగా అంటించినారు. వాకిలంతా మరువం వాసన. పాడే వాళ్ళు పాట ఆపి ముక్కులు ఎగబీల్చినారు. మగపెండ్లివారి తరపున పెండ్లికొడుకు అక్క వచ్చి ఉండె. నోరున్న మనిషి.

"ఏం నూనెమ్మా ఇది, నాకే మళ్ళా పీట మీద కూర్చోవాలనిపిస్తాండాది!" అంది.

అంగడమ్మ నా పక్కకు తిరిగి కనుబొమ్మలు ఎగరేసింది. నా కండ్లకు అర కనబడింది, దాని మీద నా సీసాలు వరసగా కనబడినాయి.

తర్వాత పొడి కలిపినారు. పెండ్లికూతురి చేతులకు, బుగ్గలకు రుద్దినారు. బుగ్గలు ఎర్రబడినాయి.

"చూడండమ్మా, అప్పుడే ఎంత కళొచ్చిందో!" అన్నారెవరో.

ఇంక నలుగులో జరిగే ఆట తెలుసు కదా. పెండ్లికూతురికి పూసిన చేతుల్తోనే ఆడవాళ్ళు ఒకరి బుగ్గలకు ఒకరు పూసుకుంటారు. తప్పించుకుని పరిగెత్తేవాళ్ళు, పట్టుకునేవాళ్ళు, ఒకటే నవ్వులు. అంగడమ్మ వియ్యపురాలి కూతురని మర్యాదగా పెండ్లికొడుకు అక్కకు రెండు బుగ్గలకూ, నొసటికీ, గడ్డానికీ దండిగా పూసింది.

ముందు నవ్వు ఆగింది ఆమెదే.

"ఏందిది? చల్లంగుంటాదంటిరే! మండతాండాదే!"

ఆమె అన్నదో లేదో అందరూ బుగ్గలు పట్టుకున్నారు. ఒకామె ఊదుకుంటోంది, ఇంకొకామె కొంగుతో విసురుకుంటోంది, ఇంకొకామె పందిరి చుట్టూ తిరుగుతోంది. మా అత్త గిన్నె దగ్గరికి పోయి, పొడి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. కండ్లు మూసుకుని చప్పరించింది.

"మిరపకాయ" అంది. మళ్ళా చప్పరించి, "ధనియాలు కూడా ఉండాయి. రోంత ఉప్పేస్తే చారు పెట్టుకోవచ్చు" అంది.

నాకు భూమిలోకి పోదామనిపించింది. పెండ్లికొడుకు అక్క గట్టిగానే అందుకుంది.

"బాగుండాదమ్మా మర్యాద! పిల్ల మా ఇంటికి రాకముందే మాకు మంట పెడతాండారే!"

అంగడమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఎవరో బిందెతో నీళ్ళు ఎత్తుకొచ్చినారు. అది చూసి నేను గట్టిగా అరిచినాను.

"నీళ్ళు పొయ్యద్దండి! పోస్తే మంట ఇంకా పాకుతాది. నూనె, నూనె రాయండి!"

మిరపచేలో కాయలు కోసేవాళ్ళు చేతులకు నూనె పూసుకోవడం నేను చిన్నప్పటి నుంచి చూసిందే. ఎవరి జవాబుకూ ఆగకుండా సీసా తీసుకుని, పెండ్లికొడుకు అక్క ముందర కూర్చుని, ముఖం నిండా నూనె రాసి, మెత్తటి పాతగుడ్డతో తుడిచినాను. మళ్ళా రాసినాను, మళ్ళా తుడిచినాను. మా అత్త ఇంకో పక్కనుంచి అదే పని మొదలుపెట్టింది. సీసా చేయి మారి చేయి మారి పందిరంతా తిరిగింది. కొంచెంసేపటికి ఊదుకునేవాళ్ళు ఊదుకోవడం ఆపినారు.

అప్పుడు అందరికీ పెండ్లికూతురు గుర్తొచ్చింది. పీట మీద కదలకుండా కూర్చుని ఉండాది పాపం, వీళ్ళ గంతులు చూస్తూ.

"నీకెట్లుండాది పాపా?" అంది అంగడమ్మ గాబరాగా.

"నాకేం కాలేదు మా. రోంత చురుక్కుమనింది, అంతే. నాకు ముందరే నూనె పూసింటిరి గదా" అంది ఆ పిల్ల. అని, నవ్వు ఆపుకోలేక మోకాళ్ళలో తల పెట్టుకుంది.

పెండ్లికొడుకు అక్క అద్దం తెప్పించుకుంది. ముఖం ఎర్రగా, నూనెతో నిగనిగలాడుతోంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. 

"పెండ్లి మా తమ్మునిదైతే కళ నాకొచ్చిందే!" అంది.

పందిరి కూలిపోయేటట్టు నవ్వినారు. అంగడమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంక మీరు పోయిరాండమ్మా" అంది మా వైపు చూడకుండా.

బస్సులో మా అత్త పుంగనూరు దాకా వక్క కూడా కొరకలేదు. అది ఆమె తిట్టినదానికంటే ఎక్కువ భయం. నేను మనసులోనే సంచి మడిచి అటకెక్కించేసినాను. ఇల్లు చేరినాక ఆమె నేరుగా కొడుకు ముందర నిలబడింది.

"మిషన్లో నూకలు ఏసినావా లేదా?"

"మిషన్ ఆయప్ప అడిగినాడు మా, ఎయ్యాల్నా అని. మన నూకలు యాల దండగని వద్దన్నాను. పాలకేంద్రానికి వేరే పొద్దుపోతాండె."

"మన ముందర ఎవరు ఆడించినారు?"

"ఎవరో సాంబారు పొడి" అన్నాడు ఆయన, ఆవు వైపు చూస్తూ. ఆవు కూడా పక్కకు తిరిగింది.

పెండ్లయిపోయినాక, ఖాళీ సీసా, డబ్బా తెచ్చుకుందామని అంగడికి పోయినాను. అడిగేదానికి నోరు రాక గడప బయటే నిలబడినాను. అంగడమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"యాల ఆడ నిలబడినావు? లోపలికి రా. సీసా లేదు."

"పగిలిపోయిందామ్మా?"

"పగల్లేదు. అడుగున మిగిలిన నూనెతో సహా పాప ఆడబిడ్డ ఎత్తుకోని పోయింది. పెండ్లి పందిట్లో కనపడినోళ్ళకంతా చెప్పింది గదా, మిరపకాయ మంటనే ఆర్పిందంటే ఇంక దేనికైనా పనికొస్తాదని. వచ్చినోళ్ళంతా ఆ నూనె యాడ దొరుకుతాదని నన్నే అడగతాండారు." చేయెత్తి చూపించింది. "అదో, ఆ అర ఖాళీ చేసినాను. నూనె తెచ్చి పెట్టు. పొడి మాత్రం నా గడప తొక్కకూడదు."

ఆ అరకు ముందర షాంపూ పొట్లాల తోరణం వేలాడుతుండె. అంగడమ్మ దాన్ని పక్కకు జరిపి కట్టింది.

ఇంక ఆ ఆషాఢం నుంచి మా నాయనకు దిగులు లేకపోయింది. బెంగుళూరులో అమ్ముడుపోని కట్టలన్నీ నేరుగా నా దగ్గరికే. మా అత్త కొత్త ఆవు మాట మళ్ళా ఎత్తలేదు. జాడీలు తిప్పి పెట్టే పని ఆమెదే అయ్యింది. ఉన్న ఆవుల్లో ఏదన్నా జాడీల దిక్కు వస్తే కర్ర పట్టుకుని లేచేది. మా ఆయన మిషనుకు పోయినప్పుడల్లా మిషన్ ఆయప్ప "అన్నా, నూకలు తెచ్చినావా?" అని ఊరంతా వినబడేటట్టు అడిగేవాడు. ఆయన పైపంచలో కట్టుకొచ్చిన నూకల ముడి విప్పేవాడు.

రెండువేలు దాటినాక కార్లలో బెంగుళూరు వాళ్ళు రావడం మొదలైంది. సన్నగా, కంటద్దాలు పెట్టుకున్న ఒకాయన సీసా ఎత్తి వెలుతురుకు పట్టుకుని, "ఇది ఆర్గానిక్కేనా? మరువానికి మందులేమైనా కొట్టినారా?" అని అడిగినాడు.

"మందు కొట్టే స్థోమత ఉంటే మా నాయన మరువం యాల పెడతాడు సార్?" అన్నాను. ఆయన అదేదో ఎసెన్షియల్ ఆయిల్ అని చెప్పి, చుక్కలు చుక్కలుగా వాడే చిన్న సీసా చూపించినాడు. ఆవిరి పట్టి తీస్తారంట. వాసన చాలా బాగుంది. "మాది అది కాదు సార్. మాది ఆకులతో కలిసి ఎండలో కూర్చున్న నువ్వుల నూనె, అంతే" అని ఉన్నది చెప్పినాను. అయినా తీసుకునే పోయినాడు.

మొన్నొకసారి ఆ పెండ్లికూతురే ఫోన్ చేసింది. ఆమెకిప్పుడు పెండ్లీడు కూతురుంది. మా అత్త దగ్గరగా ఉండి ఫోనెత్తింది. ఆమెకు చెవుడు కాబట్టి ఫోను సౌండు బాగా పెంచి పెట్టింటాం, అవతలి గొంతు వీధిదాకా వినబడుతోంది.

"అవ్వా, మా పాపకు పెండ్లి కుదిరింది. నలుగుకు నీ కోడలి నూనే కావాల."

"ఎంత కావాలంటే అంత పంపిస్తాం తల్లీ" అంది మా అత్త. నా వైపు ఓరగా చూసింది. "పొడి కూడా కావాలంటే మొగమాట పడకుండా సెప్పు. ఈసారి ఉప్పు కూడా ఏసి పంపిస్తాం."