కొర్రీల పరంధామయ్య

పరంధామయ్య గారికి కొర్రీ రాయనిదే పూట గడవదు. కాగితం కంటపడితే చాలు, దాని మార్జిన్లో ఎర్రసిరాతో ఓ ప్రశ్న పుట్టవలసిందే. ఎవరో పెళ్లి శుభలేఖ ఇస్తే, "ముహూర్తము తెల్లవారుజామున నాలుగింటికి అన్నారు. భోజనములు అంతకు ముందా, తరువాతనా? తెలుపవలెను" అని రాసి తిప్పి పంపిన ఘనుడు. విశ్వవిద్యాలయం ఆఫీసులో కొత్త కోర్సుల ఫైళ్లు చూసే సెక్షనుకు ఆయన సూపరింటెండెంటు. పద్నాలుగేళ్ల సర్వీసులో "సంతృప్తికరము" అన్న మాట ఆయన కలం నుంచి రాగా చూసినవాడు లేడని ఆఫీసంతా చెప్పుకునేది.

అలాంటి మనిషి చేతిలో పడింది ఉమాపతి తలరాత.

ఉమాపతి తెనాలి నుంచి వచ్చిన భూగర్భశాస్త్రం లెక్చరరు. తాత్కాలిక ఉద్యోగం. భూగర్భ జలాల మీద కొత్త ఎమ్మెస్సీ వస్తే ఉద్యోగం నిలుస్తుంది. రాకపోతే 1967 జూన్ నెలాఖరుకు పెట్టే బేడా సర్దుకోవాలి. కోర్సు రావాలంటే విద్యామండలి ఒప్పుకోవాలి. మండలి కూర్చునేది మార్చి పద్దెనిమిదిన. అది తప్పితే మళ్లీ నవంబరే. మండలి ముందుకు ఫైలు వెళ్లాలంటే పరంధామయ్య గారి బల్ల దాటాలి. ఇది చాలదన్నట్టు, ఉమాపతి దంపతులు నాచారంలో అద్దెకుంటున్నది కూడా ఆయన ఇంట్లోనే, ముందు వాటాలో.

ఇంట్లో దిగిన రోజే మొదలైంది.

"మీ ఇంటామెకు పాట వస్తదా?"

"కొంచెం వచ్చండీ."

"ఏ టైముకు పాడ్తది? రాసియ్యి."

ఉమాపతి భార్య అరుణకుమారి బిక్కమొహం వేసుకుని రాసిచ్చింది. పరంధామయ్య గారి భార్య సుశీలమ్మ ఆ పిల్ల భుజం తట్టింది. "ఆయన మాటకు ఫికర్ జేయకు బిడ్డా. పెళ్లిసూపులల్ల మా నాయినను ఏడు సవాళ్లు అడిగిండు. జవాబు చెప్పలేక పిల్లనిచ్చి వదిలించుకున్నడు."

ఆగస్టులో ఫైలు వెళ్లింది. వారానికే మూడు కొర్రీలతో తిరిగొచ్చింది. జవాబులిస్తే ఇంకో నాలుగు. ఆఫీసులో అడిగే ధైర్యం లేక, ఓ ఆదివారం పెరట్లో పళ్లు తోముకుంటున్న మనిషి దగ్గరికి వెళ్లి నసిగాడు ఉమాపతి.

"ఏమండీ, మన ఫైలు..."

పరంధామయ్య గారు పుల్ల తీసి తుపుక్కున ఉమ్మారు. "ఇంట్ల ఆఫీసు ముచ్చట తీయకు. ఆఫీసుల ఇంటి ముచ్చట తీయకు."

పదకొండో కొర్రీ చూసి మాత్రం ఉమాపతికి ముచ్చెమటలు పోశాయి. నిజం చెప్పాలంటే తప్పు అతనిదే. తొందరలో ఎక్కడో చలిదేశపు విశ్వవిద్యాలయం వారి పాఠ్యప్రణాళిక తెప్పించి, దాన్నే టైపు కొట్టించాడు. అందులో "మంచునదుల కొలత, క్షేత్రంలో ఆరు గంటలు" అని ఉంది. దాని పక్కన ఎర్రసిరా: "ఉప్పల్ పరిసరములందు మంచునది ఎచ్చట గలదో సర్వే నంబరుతో సహా తెలుపవలెను."

మంచునదిని కొట్టేసి బావుల్లో నీటిమట్టం కొలత పెట్టాడు. పన్నెండో కొర్రీ: "ఏ బావులు? ఆసాముల అంగీకార పత్రములు జతపరచవలెను." ఉమాపతి సైకిలెక్కి మల్లాపూర్, నారపల్లి అంతా తిరిగాడు. మల్లాపూర్ రైతు భూషణం అతన్ని ఎగాదిగా చూశాడు.

"బాయిల నీళ్లు కొలుస్తవా? కొలిచి ఏం జేస్తవ్, తాళమేస్తవా?"

"చదువు కోసమండీ. పిల్లలు వచ్చి తాడు వేసి కొలుచుకుపోతారు."

"గీ దానికి సదువెందుకు? మా ముసల్ది కంటితోటి జూసి చెప్తది."

ఎలాగో ఒప్పించి వేలిముద్ర వేయించుకొచ్చాడు. అంతలోనే పదమూడో కొర్రీ: "విద్యార్థి బావిలో పడినచో తీయువారెవరు?" మళ్లీ సైకిలు, మళ్లీ భూషణం. "నేనే తీస్త తియ్, నాకు మస్తు ఈతొస్తది" అని అతను ఇంకో వేలిముద్ర వేశాడు. డిసెంబరు నాటికి ఉమాపతికి ఎర్రసిరా కలలోకొస్తోంది. కూరలో మిరపపండు కనబడినా గుండె దడదడలాడేది. అరుణకుమారి తిరిగి వచ్చేస్తున్నామని తెనాలికి ఉత్తరం రాసి, పోస్టు చేయకుండా డబ్బాలో దాచింది. ఫిబ్రవరి చివరికి కొర్రీల సంఖ్య నలభై మూడు. మిగిలిన డిపార్టుమెంట్ల వాళ్లకు అయిదారుకు మించి రాలేదని తెలిసి ఉమాపతికి ఏడుపొచ్చింది. నన్ను ఇంట్లోంచీ ఉద్యోగంలోంచీ ఒకేసారి వెళ్లగొట్టాలని చూస్తున్నాడు అనుకున్నాడు.

నలభై మూడో జవాబుతో ఫైలు ఎట్టకేలకు బల్ల దాటింది. మార్చి పద్దెనిమిది రానే వచ్చింది. ఉమాపతి మండలి గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల నరసింహమూర్తి గారున్నారు. ప్రశ్నలతోనే అంతకుముందు మూడు కొత్త కోర్సులను సాగనంపిన పెద్ద ప్రొఫెసరు. ఓరగా తెరిచిన తలుపులోంచి ఆయన గొంతు ఖంగుమంది.

"కుర్రాడు బావిలో పడితే బాధ్యత ఎవరిదయ్యా?"

ఫైలు పట్టుకుని నిలబడ్డ పరంధామయ్య గారు వినయంగా అన్నారు. "కొర్రీ నంబరు పదమూడు సార్. జవాబు వెనక పెట్టినం."

"ఆడపిల్లలు చేరితే పొలాల వెంట ఎలా తిరుగుతారు? అసలు చేర్చుకోవద్దని రాసేయండి."

"ఇరవై ఆరు సార్. ఘట్‌కేసర్‌ల తారామణి టీచరమ్మ ఇంట్ల బస. ఆమె చిట్టీ ఉన్నది."

"చదివాక ఉద్యోగాలిచ్చేదెవరు?"

"ముప్పై ఒకటి సార్. రెండు శాఖల నుంచి ఉత్తరాలు."

ఇలా పదిహేను ప్రశ్నలు నడిచాయి. పదహారో దానికి నరసింహమూర్తి గారు నోరు తెరిచి, ఏమీ దొరక్క, మంచినీళ్లు తాగి మూసుకున్నారు. కోర్సు మంజూరైంది.

సాయంత్రం ఉప్పల్ బస్సులో ఉమాపతి పరంధామయ్య గారి పక్క సీట్లో కూర్చుని, ఉండబట్టలేక అడిగేశాడు.

"ఆయన అడిగేవన్నీ మీకెలా తెలుసండీ?"

పరంధామయ్య గారు సంచిలోంచి నలిగిన నోటుబుక్కు తీశారు. "పద్నాలుగేండ్ల సంది గా మండలిల అడిగిన సవాళ్లన్ని ఇందుల రాసుకున్న. గా సవాళ్లే ముందుగల్ల మీకు కొర్రీలేస్త."

"మరి మిగతావాళ్లకు అయిదారేనా?"

"వాళ్లు అయిదో కొర్రీకే కోపమొచ్చి ఫైలు వాపస్ తీస్కపోయిన్రు. నువ్వు జవాబు రాసుకుంట వచ్చినవ్, నేను అడుక్కుంట వచ్చిన."

"ఒక్క మాట చెబితే నిబ్బరంగా రాసేవాణ్ణి కదండీ!"

"నిబ్బరంగుంటే బాయి బాయి తిరుగుదువా? భయపడ్డవ్ గనకనే మంచిగ రాసినవ్." కిటికీలోంచి బయటికి చూసి ముఖం చిట్లించారు. "ఇగ చాలు. బస్సు నాచారం దిక్కు మళ్లింది. ఇంటి హద్దుల ఆఫీసు ముచ్చట వద్దు."

ఉమాపతికి నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి. ఆ మనిషిని ఎనిమిది నెలలు మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున తలుపు కింద చిన్న చీటీ కనబడింది. ఎర్రసిరా. అలవాటు కొద్దీ గుండె ఝల్లుమంది.

"కొర్రీ నంబరు నలభై నాలుగు. ఉద్యోగము స్థిరపడినందున వీరు పెద్ద ఇల్లు చూసుకొని వెళ్లిపోదురా? ఇంట్లో ఆడవారు రాత్రి నుండి అన్నము సరిగా తినుట లేదు. వెంటనే తెలుపవలెను."

అరుణకుమారి భర్త భుజం మీదుగా చదివి, డబ్బాలోని తెనాలి ఉత్తరం తీసి పొయ్యిలో పడేసింది. ఉమాపతి చీటీ కింద "వెళ్లము" అని ఒక్క మాట రాసి, ఇద్దరి సంతకాలూ పెట్టి, వెనక వాటా తలుపు కిందికి తోశాడు. ఆధారాలు జతపరచమంటారేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు.

చీటీ తిరిగొచ్చింది. మార్జిన్లో ఒకే ఒక్క మాట ఉంది. "సంతృప్తికరము."