లైటు కాస్త ఇటు పట్టండి

మనిషి నిప్పు కనిపెట్టాడు, దీపం కనిపెట్టాడు, బల్బు కనిపెట్టాడు. ఆ దీపాన్ని ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న మాత్రం వేల ఏళ్ళపాటు తేలకుండా ఉండిపోయింది. తేల్చినవాడు మా బావ. కారు ఎవరిదైతే లైటు వాళ్ళే పట్టుకోవాలి. ఆయన మెకానిక్ షెడ్డుకి ఇదే రాజ్యాంగం. సవరణలు లేవు, అప్పీళ్ళు లేవు.

బావంటే మా అక్క మొగుడు. ఆ షెడ్డులో సామాన్ల గుమాస్తాని గనక పదకొండేళ్ళ చరిత్రకి నేనే ప్రత్యక్ష సాక్షిని. కారు జాకీల మీదికి లేస్తుంది. కింద రెండు చెక్కపలకలు పడతాయి, ఒకటి బావకి, ఒకటి యజమానికి. ఇస్త్రీ చొక్కా అన్నా, మోకాళ్ళ నొప్పులన్నా మినహాయింపు ఉండదు. ఒకసారి ఒక బ్యాంకు మేనేజరు పడుకున్నాడు పాపం.

"సార్, లైటు బోల్టు మీద వెయ్యండి, నా ముక్కు మీద కాదు. ముక్కు లీకవటం లేదు."

"చెయ్యి లాగుతోందయ్యా!"

"రెండో చెయ్యి ఖాళీయే కదా, మార్చండి. ఇంతకీ మీరు అన్నదమ్ములెందరు?"

ఇదీ వరస. లైటు పట్టినవాళ్ళని దులిపెయ్యడం, అంతటితో ఊరుకోక వాళ్ళ ఇంటి సంగతులన్నీ తవ్వడం. గంట పని మూడు గంటలయ్యేది. సగం మంది వీధి చివర, చల్లటి గదిలో సోఫాలు వేసిన ఇంకో షెడ్డుకి మళ్ళిపోయారు. మా షెడ్డులో మధ్యాహ్నాలు ఫ్యాను చప్పుడే మిగిలింది.

"మీ లైటు పిచ్చితో మన పొయ్యిలో పిల్లి లేవకుండా చేసేలా ఉన్నారు," అనేది అక్క.

"చీకట్లో పనెలా చెయ్యమంటావే?"

"మిట్టమధ్యాహ్నం చీకటేమిటండీ!"

"కారు కింద ఎప్పుడూ అమావాస్యే."

అలాంటి షెడ్డుకి ఒక ఉదయం రిటైరైన పోస్టుమాస్టరుగారు తన ఇరవై రెండేళ్ళ కారు తోలుకొచ్చారు. వచ్చిన దారంతా నూనె చుక్కలు. ఆయన భార్య పోయి మూడు నెలలైంది. ఎవరు పలకరించినా ఆయన తల ఊపి ఊరుకునేవారు. క్రమంగా పలకరించేవాళ్ళు కూడా తల ఊపడంతోనే సరిపెట్టారు.

"బాగు చెయ్యక్కర్లేదండీ. తుక్కు కింద ఎంతొస్తుందో చెప్పండి, ఇచ్చేస్తాను."

"ఇచ్చేసి?"

"ఇంటికెళ్తాను."

"ఆ తర్వాత ఎక్కడికన్నా వెళ్ళాలంటే?"

"ఎక్కడికండీ?" అన్నారాయన. నిజంగానే తెలియక అడిగినట్టుంది.

బావ లైటు ఆయన చేతిలో పెట్టాడు. "తుక్కు ధర చెప్పాలన్నా కింద చూడాలి కదండీ. పడుకోండి."

ఇంజను అడుగున నూనె నిలవుండే రేకు తొట్టి ఉంటుంది, ఆయిల్ చాంబరంటాం. అది తుప్పు పట్టి చిల్లు పడింది. "చిల్లు ఎంతుందో ఊడదీస్తే గాని తెలీదు," అన్నాడు బావ గంభీరంగా. నూనె దింపి పద్దెనిమిది బోల్టులూ విప్పాలి. దానికి బావకో పద్ధతుంది. అట్టముక్క మీద చాంబరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చుతాడు. నాలుగు పొడుగువి, మిగతావి పొట్టివి. పదకొండేళ్ళలో ఆ అట్ట మీద ఒక్క బోల్టు చోటు తప్పగా నేను చూడలేదు.

గంటసేపు కారు కింద నుంచి బావ గొంతొక్కటే వినిపించింది. అన్నదమ్ములెందరని అడిగాడు, జవాబు లేదు. ముక్కు లీకవటం లేదన్నాడు, లైటు కదిలింది, అంతే. పన్నెండో బోల్టు దగ్గర ఉన్నట్టుండి పోస్టుమాస్టరుగారి గొంతు పైకప్పు రేకులకి తగిలింది.

"ఏమయ్యా! పొడుగుదాన్ని తీసుకెళ్ళి పొట్టివాటి వరసలో గుచ్చావేం?"

"అయ్యో, అవునా సార్?"

"అవునా ఏమిటి! ముప్ఫై ఆరేళ్ళు ఉత్తరాలు గళ్ళల్లో వేశాను, ఒక్కటి తప్పలేదు. ఇలా తే ఆ అట్ట!"

"మీరే గుచ్చండి సార్. నావల్ల కావట్లేదు."

"మరి లైటో?"

"నేను పడతాను."

రాజ్యాంగానికి అదే తొలి సవరణ. నేను రసీదు పుస్తకం మూసేసి లేచి నిలబడ్డాను.

"బోల్టు మీద పట్టవయ్యా, నా ముక్కు మీద కాదు," అన్నారు పోస్టుమాస్టరుగారు.

అక్కణ్ణుంచి పద్దెనిమిదో బోల్టు దాకా ఆయన మాట ఆగలేదు. "మా ఆవిడకి రివర్సు రాదయ్యా. ఇల్లు దాటిపోతే వీధంతా చుట్టి మళ్ళీ వచ్చేది. పదిహేనేళ్ళు! ఒక్కరోజు కారు వెనక్కి నడపలేదు." ఇద్దరూ నవ్వారు. బయటికి కనిపిస్తున్న నాలుగు కాళ్ళూ ఊగాయి. మళ్ళీ ఆయనే అన్నారు: "రేడియో కట్టేశాను. దానికి జవాబు చెప్పడం అలవాటవుతోంది."

బావ లైటు కదలకుండా పట్టాడు.

కొత్త చాంబరుకి పేస్టు పూసి, బోల్టులు వదులుగా పెట్టారు. పేస్టు ఆరడానికి ఒక రోజు కావాలి. మర్నాడు మేం షెడ్డు తీసేసరికే పోస్టుమాస్టరుగారు గుమ్మంలో ఉన్నారు. అట్టని ఇంటికి పట్టుకెళ్ళి, ఒక్కో చిల్లు పక్కనా నెంబరు వేసి తెచ్చారు. బోల్టులన్నీ గట్టిగా బిగించి, కొత్త నూనె పోసి, ఇంజను వేసి, కింద తెల్లకాగితం పరిచి ముగ్గురం అరగంట చూశాం. చుక్క పడలేదు. తుక్కు మాట ఎవరూ ఎత్తలేదు.

"ఇప్పుడెటు సార్?" అన్నాడు బావ.

"మా చెల్లెలింటికి. మూణ్ణెల్లుగా రమ్మని పోరుతోంది. నాలుగు గంటల దారి." అద్దం దించి మళ్ళీ అన్నారు: "అన్నట్టు, మేం ముగ్గురన్నదమ్ములం."

కారు మలుపు తిరిగాక అడిగాను, "ఆ పొడుగు బోల్టు అక్కడెందుకు గుచ్చావు బావా?"

"చీకట్రా. కనపడలేదు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నేల తుడవడానికి పాతగుడ్డ కోసం ఆయన పనిముట్ల పెట్టె అడుగుదాకా వెతికాను. ఏడేళ్ళ కిందట అక్క కొనిచ్చిన లైటు దొరికింది. ప్లగ్గులో పెట్టాను, వెలిగింది. దాని వీపుకి అయస్కాంతం ఉంది. కారు కింద ఏ ఇనుముకి తగిలించినా అదే అంటుకుని నిలుస్తుంది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు.