బూజక్క లేదన్న రోజు

జీతాల రిజిస్టర్‌లో తప్ప ఆవిడ అసలు పేరు యూనివర్సిటీలో ఎవరి నోటా వినబడేది కాదు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆవిడ బూజక్కే.

సూక్ష్మజీవుల విభాగంలో మెట్ల కింద ఒక చల్లగది ఉండేది. అందులో ఆరువందల నలభై గాజు గొట్టాలు. ఒక్కో గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టించిన జెల్లీ, దాని మీద ఒక్కో రకం బూజు. మట్టిలోంచి, మురిగిన పళ్ల మీంచి, చెమ్మగోడల మీంచి ఏళ్ల తరబడి విద్యార్థులు గీకి తెచ్చినవి. వాటిని బతికించుకు రావడమే ఆవిడ ఉద్యోగం. మూడు నెలలకోసారి ప్రతిదాన్నీ కొత్త జెల్లీలోకి మార్చాలి. సన్నటి తీగని మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, పాత గొట్టంలోంచి నలుసంత బూజు తీసి కొత్తదాంట్లో గీసి, దూది బిరడా పెట్టాలి. మధ్యలో ఎవరైనా తుమ్మితే మళ్లీ మొదటికొచ్చినట్టే. అందుకే ఆవిడ పని చేస్తున్నంతసేపూ మాట్లాడేది కాదు. ఆ బాకీ అంతా ఇంటికెళ్లాక మొగుడి దగ్గర తీర్చుకునేది.

మొగుడు దర్జీ. ఇంట్లోనే మిషన్. "ఇంటి మూలల్లో బూజు దులపడానికి తీరిక ఉండదు గానీ, అక్కడ మాత్రం బూజుకి గోరుముద్దలు తినిపించి వస్తుంది" అని కొలతలివ్వడానికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

"ఇంటి బూజు దానంతటదే పెరుగుతుంది. దానికి నేనెందుకు?" అనేది ఆవిడ.

ఇరవై రెండో ఏట ఆ ఉద్యోగంలో పెట్టిందీ, అక్షరం అక్షరంగా పని నేర్పిందీ విభాగం ప్రొఫెసరు, పెద్దసారు. చొక్కా జేబు నిండా సుద్దముక్కలు వేసుకు తిరిగే మనిషి. మొదటిరోజే ఆయన ఒక మాట చెప్పాడు. "అమ్మా, ఇవి మనవి కావు. మనం కాపలా మాత్రమే. ఎవరడిగినా ఒక గొట్టం పంపు. లేదనకు." ఆవిడ అలాగే చేసింది. ఎక్కడెక్కడి కాలేజీల నుంచో ఉత్తరాలొచ్చేవి. గొట్టాన్ని దూదిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన "నిలబెట్టి ఉంచండి" అని రాసి పోస్టు చేసేది. అది మళ్లీ పెరిగిందని అటునుంచి కార్డు ముక్క వస్తే, పురుడొచ్చిన కబురు విన్నట్టు విభాగమంతా తిరిగి చెప్పేది.

ఆ గొట్టాల్లో రెండువందల పన్నెండో నెంబరు తెచ్చింది ఒక పరిశోధక విద్యార్థిని. వానకి తడిసిన తోలు చెప్పుల్ని హాస్టల్ మంచం కింద తోసేసి మరిచిపోయిందట. నెల తరవాత చూస్తే ఒక చెప్పు నిండా బూడిదరంగు పచ్చ బూజు. ఇంకొకరైతే చెత్తబుట్టలో వేసేవాళ్లే. ఆ పిల్ల చెప్పుని కాగితంలో పొట్లం కట్టి చల్లగదికి తెచ్చింది. "అక్కా, దీని రంగు చూడు, ఎంత బావుందో!" అప్పట్నుంచి ఆ అమ్మాయి చెప్పులమ్మాయి అయింది. తరవాత తేలిందేమిటంటే, ఆ బూజు తోలుని ముట్టుకోకుండా తోలుకి అంటుకున్న కొవ్వునే తింటుంది. చెప్పులమ్మాయి చదువు ముగించుకుని, ఒక గొట్టం వెంట తీసుకుని, తోళ్ల కార్ఖానాలున్న చిన్న ఊళ్లో కాలేజీ టీచరుగా వెళ్లిపోయింది.

బూజక్కకి నలభై తొమ్మిదేళ్లప్పుడు కొత్త వీసీ వచ్చాడు. చురుకైన మనిషి. చెడ్డవాడని ఆవిడ ఇప్పటికీ అనదు. "పరిశోధన అల్మారాల్లో పడి ఉంటే ఎవరికి లాభం? మన దగ్గర పుట్టింది బజారులో నిలబడాలి, మన పిల్లలు ఉద్యోగాలు అడగడం కాదు, ఇవ్వాలి" అన్నాడు మీటింగులో. అందరితోపాటు ఆవిడా చప్పట్లు కొట్టింది. ఏడాది తిరక్కుండా చదువుకునే హాలు గోడలు పగలగొట్టి, గాజు గదులు కట్టి, స్టార్టప్ కేంద్రమని బోర్డు పెట్టారు. నీళ్లు కారే పైకప్పు బాగుపడింది. కరెంటు పోతే తనంతట తనే అందుకునే జనరేటరు వచ్చింది. వరండాలో బూజుల గురించి వాదులాడుకునే పిల్లలు ఇప్పుడు అద్దం ముందు నిలబడి, అయిదు నిమిషాల్లో తమ కంపెనీ గురించి చెప్పడం వల్లెవేస్తున్నారు.

పెద్దసారు కూడా కంపెనీ పెట్టాడు, రెండువందల పన్నెండుతోనే. తోళ్లని ఘాటు మందులతో కడగక్కర్లేకుండా ఆ బూజుతో పొడి తయారుచేస్తే కాలవలు బాగుపడతాయని ఆయన నమ్మకం. నిజమైన నమ్మకమే. జేబులో సుద్దముక్కల చోట విజిటింగ్ కార్డులు వచ్చాయి. బూజక్కకి మెడలో ఫొటో కార్డు, "కల్చర్ మేనేజర్" అనే హోదా, గోడ మీద ఆవిడ నవ్వుతున్న పటం. సంతకం పెట్టమని ఆరు పేజీల కాగితాలిచ్చారు.

"ఏముందండీ ఇందులో?" అని అడిగింది.

"ఏం లేదమ్మా, మన సరుకు బయటికి పోకుండా" అన్నాడు పెద్దసారు.

మనవి కావన్న మనిషే మన సరుకు అంటున్నాడని ఆవిడకి తట్టకపోలేదు. కానీ ఆ పూట ఇంటికెళ్లి మొగుడికి కార్డు చూపించాలన్న సంబరంలో అడగడానికి నోరు రాలేదు. "ఏవమ్మా మేనేజరూ, కాఫీ అయినా పెడతావా, దానికీ అర్జీ పెట్టుకోవాలా?" అన్నాడు దర్జీ. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

ఒక వేసవి మధ్యాహ్నం చెప్పులమ్మాయి వచ్చింది. జుట్టు నెరుస్తోంది, నవ్వు మాత్రం అదే. బస్సులో ఏడు గంటలు కూర్చుని వచ్చింది.

"అక్కా, నా బూజు చచ్చిపోయిందే. సెలవుల్లో ఫ్రిజ్ పాడైతే చూసుకున్నవాళ్లు లేరు. మా పిల్లలు కార్ఖానా మురుగు తెచ్చి, తొట్లలో పోసి దీన్ని వదిలేవాళ్లు. తెట్టె ఎలా విరిగిపోయేదో నువ్వు చూడాల్సింది! ఒక్క గొట్టం ఇవ్వు, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాను."

"దానికి దరఖాస్తు పెట్టాలమ్మా. కంపెనీ వాళ్లు చూసి చెబుతారు."

చెప్పులమ్మాయి వేళాకోళమనుకుని నవ్వింది. "నేను తెచ్చిన బూజుకి నేను దరఖాస్తు పెట్టాలా?"

"ఇప్పుడది లైసెన్సులో ఉంది. బయటికివ్వడానికి రూల్స్ ఒప్పుకోవు."

"ఇది నువ్వనే మాటేనా అక్కా?"

బూజక్క లేచి చల్లగదిలోకి వెళ్లింది. రెండువందల పన్నెండు చేతిలోకి తీసుకుంది. కొంగులో చుట్టుకుని బయటికొస్తే అడిగేవాళ్లు లేరు. తలుపు దగ్గర కెమెరా ఉంది గానీ అది అప్పటికి పనిచెయ్యడం లేదని ఆవిడకి తెలుసు. అలా ఎంతసేపు నిలబడిందో. తరవాత గొట్టాన్ని అరలో పెట్టేసి, బయటికొచ్చి, దరఖాస్తు కాగితం చేతికిచ్చింది.

భయపడి ఇవ్వలేదని చాలా ఏళ్లు తనకి తాను చెప్పుకుంది. భయం కొంత ఉన్నమాట నిజమే. కానీ "రూల్స్ ఒప్పుకోవు" అన్నప్పుడు తన గొంతు తనకే పెద్ద ఆఫీసరు గొంతులా వినబడిందనీ, అది ఆ క్షణాన బావుందనీ ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

చెప్పులమ్మాయి ఆ కాగితం అక్కడే కూర్చుని నింపింది. టీ తాగమంటే బస్సుకి టైమైందంది. దరఖాస్తుకి జవాబు వెళ్లలేదు.

ఆ తరవాత చల్లగది పలచబడుతూ వచ్చింది. కంపెనీలకి పనికొచ్చేవి పదకొండని తేల్చి, వాటికి కొత్త ఫ్రీజర్ కొన్నారు. మిగతావాటికి జెల్లీ కావాలని ఆవిడ రాసిన ఇండెంటు ప్రతిసారీ ఒక ప్రశ్నతో తిరిగొచ్చేది, ఇవి ఏ ప్రాజెక్టు కిందికొస్తాయని. ఆవిడకీ తీరిక తగ్గింది. వారానికి మూడురోజులు అతిథులకి కేంద్రం తిప్పి చూపించడంతోనే సరిపోయేది. మూడు నెలల మార్పిడి అయిదు నెలలైంది, ఎనిమిదైంది. బూజు చచ్చేటప్పుడు చప్పుడు చెయ్యదు. జెల్లీ ఎండి గొట్టానికి అట్టకట్టుకుపోతుంది, అంతే. ఆవిడ రిటైరయ్యే ఏడు లెక్కపెడితే బతికున్నవి నూట తొంభై.

కంపెనీ మాత్రం వెలిగింది, నాలుగేళ్లు. అప్పుడు తోళ్లకి వాడే ఘాటు మందులు తయారుచేసే పెద్ద సంస్థ ఒకటి వచ్చి దాన్ని మొత్తంగా కొనేసింది. పూలదండలు, ఫొటోలు. ఆరునెలల్లో పొడి తయారీ ఆపేశారు. వాళ్ల మందుకి పోటీ ఎందుకని కాబోలు. ఒప్పందం ప్రకారం యూనివర్సిటీలో రెండువందల పన్నెండు ఒక్కటి కూడా మిగలకూడదు. జాబితాతో ఇద్దరొచ్చి పక్కనే నిలబడ్డారు. బూజక్క తన చేతుల్తోనే ఆ గొట్టాలన్నిటినీ, దేన్నైనా ఉడికించి చంపేసే ఆవిరిపాత్రలో పెట్టి మూత బిగించింది.

తరవాతి వారం పెద్దసారు వచ్చి ఆవిడ బల్ల ముందు స్టూలు మీద కూలబడ్డాడు. డబ్బొచ్చిన మనిషిలా లేడు.

"అమ్మా, ఆ చెప్పులమ్మాయి దగ్గర ఒకటి ఉండాలి కదూ? మధ్యలో ఎప్పుడో వచ్చి అడిగిందన్నారు. నువ్విచ్చే ఉంటావు కదా?"

"లేదండీ. ఇవ్వలేదు."

"ఇవ్వలేదా?" అన్నాడాయన. "కాగితం మీద నేనేం రాయించుకున్నా నువ్వు ఇస్తూనే ఉంటావనుకున్నానమ్మా."

ఆవిడకి ఒళ్లు మండింది. చెయ్యొద్దని సంతకం పెట్టించుకుని, చాటుగా చేస్తావనుకున్నానంటే ఏం మనిషి! కానీ ఆయన ముసలి మొహం చూస్తే కోపం నిలవలేదు.

రిటైరయ్యాక ఒక ఏడాది మనసులో నలిపి నలిపి, చివరికి ఆవిడ చెప్పులమ్మాయి ఊరికి బయల్దేరింది. "ఇప్పుడు వెళ్లి ఏం చేస్తావే?" అన్నాడు దర్జీ. "ఏమో" అంది.

కాలేజీ పక్కనుంచే కాలవ. నల్లగా, నురగలు కక్కుతూ, ముక్కు మూసుకుంటే తప్ప దాటలేనట్టు ఉంది. చెప్పులమ్మాయి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదు. ఆడితే బావుండేదనిపించింది బూజక్కకి. తరగతికి తీసుకెళ్లి, "నాకు పని నేర్పింది ఈ అక్కే" అని చెప్పింది. పిల్లలంతా లేచి నిలబడ్డారు. గోడవార ఖాళీ తొట్లు బోర్లించి ఉన్నాయి.

ముందు బెంచీలో అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మా సీనియర్లు వాడిన ఆ బూజు మీ యూనివర్సిటీలో కూడా చచ్చిపోయిందటగా! అంత జాగ్రత్తగా చూసేవాళ్లు కదా, ఎలా పోయిందండీ?"

బూజక్క చెప్పులమ్మాయి వైపు చూసింది. ఆ మనిషి కళ్లు దించుకుంది. ఆ వేసవిలో వట్టి చేతుల్తో తిరిగొచ్చి, పిల్లలకి అలా చెప్పిందన్నమాట.

"అప్పటికి చావలేదమ్మా" అంది బూజక్క. "మీ టీచరుగారు అడగడానికొచ్చిన రోజు నా చేతిలోనే ఉంది, బాగా పెరిగి ఉంది. నేనే ఇవ్వలేదు."

ఆ అమ్మాయి కూర్చోవచ్చో లేదో తెలియక అలాగే నిలబడిపోయింది. చెప్పులమ్మాయి మెల్లగా వచ్చి, బూజక్క వెనక కుర్చీ జరిపి, "కూర్చో అక్కా" అంది.