ఇనుప మనుషుల సైన్యం నాది

ఇనుప మనుషుల సైన్యం నాది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ మాట ఇలాగే చెబుతాను, ఎవరు నవ్వినా సరే.

మా అత్తయ్య, అంటే మా నాన్న చెల్లెలు, యానాంలో గోదావరి గట్టుకి దగ్గరలో ఉండేది. మాది మెట్టకూరు. అత్తయ్య మామగారు ఒకప్పుడు ఫ్రెంచి సైన్యంలో పనిచేశారు. ఫ్రాన్సు పెన్షను తీసుకుంటూ వరండాలో పడక్కుర్చీ వదలకుండా ఉండేవారు. అందరం ఆయన్ని తాతయ్య అనేవాళ్ళం. ఆయన చిన్నకొడుకు ఫ్రాన్సులో ఉండేవాడు. ఎనభైల మొదట్లో సెలవుకి వచ్చినప్పుడు అన్న కొడుక్కి, అంటే మా బావకి, ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. అందులో బొటనవేలంత సీసపు బొమ్మలు, పాచికలు, ఫ్రెంచిలో అచ్చేసిన నియమాల పుస్తకం ఉన్నాయి. ఎప్పుడో రాబోయే కాలంలో నక్షత్రాల మధ్య జరిగే యుద్ధాలట. ఇద్దరు చెరో సైన్యం తీసుకుని బల్ల మీద కొట్టుకోవాలి.

బావ అప్పటికే కాలేజీలో చదువుతున్నాడు. బొమ్మలాటేమిటని స్నేహితులు నవ్వారు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ లేరు. అందుకని నేను దొరికాను. సైకిలేసుకుని వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచి, పాత నీలం లుంగీ చింపిన పీలిక ఒకటి అడ్డంగా పరిస్తే అది నది. కొబ్బరి చిప్పలు బోర్లిస్తే కొండలు. అత్తయ్య కుట్టుమిషను సొరుగులోని టేపుతో దూరాలు కొలిచేవాళ్ళం. తాతయ్య కళ్ళజోడు సర్దుకుని పుస్తకం చదివి మాకు తెలుగులో చెప్పేవారు.

సైన్యాలు నాలుగు. శిరస్త్రాణాలు పెట్టుకున్న భూమి సైనికులు, నిలబడి నడిచే బల్లులు, బోలెడు కాళ్ళూ మీసాలూ ఉన్న పురుగులు, ఇనుప మనుషులు. పురుగుల్ని మేము రొయ్యలు అనేవాళ్ళం. కాళ్ళూ మీసాలూ ఉన్నదాన్ని యానాంలో ఇంకేమంటారు? ఇనుప మనుషుల్ని మొదటిరోజే నేను తీసుకున్నాను. గేట్లకి వేసే వెండి రంగు తెచ్చి, ఒక్కొక్కడికీ నేనే పూశాను. మిగతా సైన్యాలు దెబ్బ తగిలితే భయపడి పారిపోతాయి. ఇనుపవాళ్ళు పారిపోరు. ఆ గుణం నాకు నచ్చింది.

బావ మిగతా మూడూ మార్చి మార్చి ఆడేవాడు. భూమి సైనికులతో వస్తే చిప్పల చాటున నక్కి దూరం నుంచి కాల్చేవాడు. అప్పుడు నేను ఆగకుండా మీద పడిపోవాలి. బల్లులైతే నెమ్మది, కానీ ఒక పట్టాన చావవు. వాటిని నదిలోకి లాగి నిలబెట్టాలి. రొయ్యలు మాత్రం పెళ్ళి బంతికి ఎగబడ్డట్టు గుంపుగా వస్తాయి. అవి మీదికొస్తే ఇనుపవాళ్ళు వీపుకి వీపు ఆనించి నిలబడాలి. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు, ఓడి ఓడి నేర్చుకున్నాను. బావ ఏనాడూ చూసీ చూడనట్టు వదిలేవాడు కాదు. వేలెడు దూరం ఎక్కువ జరిపినా టేపు పట్టుకొచ్చేవాడు. కాబట్టి నేను గెలిస్తే అది అచ్చంగా నా గెలుపే. ఆ గర్వంతో మెట్టకూరు దాకా ఈల వేసుకుంటూ తొక్కేదాన్ని. ఆడపిల్ల ఈలేమిటని అమ్మ తిట్టేది.

నా డిగ్రీ రెండో ఏడు నడుస్తుండగా పాండిచ్చేరి నుంచి బదిలీ మీద ఒక ఆఫీసరుగారు వచ్చి అత్తయ్యవాళ్ళ మేడ మీద వాటాలో దిగారు. ఆయనకో కూతురు, నా ఈడుదే. తెలుగులో కాస్త అరవ యాస. ఫ్రెంచి మాత్రం గలగలా మాట్లాడేది. తాతయ్యకి ఇంకేం కావాలి? పడక్కుర్చీలోంచి లేచి మరీ ఎదురెళ్ళేవారు. నేనొస్తే కుర్చీలోంచే చెయ్యి ఊపేవారు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆ పిల్ల నా కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా బావ. బల్ల మీద ఆమె వైపు నా ఇనుప మనుషులు.

"కొత్త గదే, ఇనపోళ్ళయితే తనకి తేలిగ్గా ఉంటది. నీకు అన్నీ వచ్చు గదా, ఇక నుంచి నువ్వు రొయ్యలు తీసుకో" అన్నాడు బావ.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. పెట్టె బావదే, కాదనను. కానీ రంగు ఎవరిది? ఇన్నాళ్ళ ఓటములు ఎవరివి? నా ఒళ్ళు మండిపోయింది. బల్ల చివర స్టూలు మీద కూర్చుని ఆట చూశాను. ఆ పిల్ల గెలిచింది.

అంతటితో ఆగిందా? పుస్తకం తీసి తిరగేసింది. తేమకి అతుక్కుపోయిన రెండు పేజీల్ని గోటితో నెమ్మదిగా విడదీసి చదివింది.

"ఇక్కడొక నియమం ఉందండీ. నాయకుడు పడిపోతే ఇనుప మనుషులు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలంట. మీరెవరూ చూడలేదా?"

"అతుక్కుపోయుంటే నేనెలా చూత్తానమ్మా!" అని తాతయ్య ముసిముసిగా నవ్వారు.

బావ నా వైపు తిరిగాడు. "అయితే నువ్వు గెలిచిన ఆటల్లో సగం చెల్లవే!"

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, పైగా "పాపం, తెలియక కదండీ" అంది. ఎప్పుడూ మీరు, అండీ. పోట్లాడటానికి చిన్న సందు కూడా ఇవ్వదు. అలాంటివాళ్ళని చూస్తే కుళ్ళు రెట్టింపవుతుంది.

ఆ రాత్రి ముద్ద దిగక మధ్యలోనే చెయ్యి కడిగేసుకున్నాను. "ఏమైందే?" అంది అమ్మ. ఏడుపు తన్నుకొచ్చింది. "బావ ఎప్పుడు చూసినా ఆ మేడమీద పిల్లతోనే. దాన్ని ఎదురుగా కూచోబెట్టుకుని నన్ను స్టూలు మీదకి తోసేశాడు. నావన్నీ దానికి ఇచ్చేశాడు" అన్నాను.

అమ్మ నా మొహం కేసి చూసి బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. "ఓసినీ, అదా సంగతి! ముందే చెప్పొచ్చు గదే."

ఏ సంగతో నేనడగలేదు. నా బుర్ర నిండా రొయ్యలే ఉన్నాయి. రొయ్యలైతే రొయ్యలే, ఆ పిల్లని నేను ఓడించాలి. ఓడిస్తే నా కుర్చీ, నా సైన్యం నాకు ఇచ్చెయ్యాలని బావ దగ్గర మాట తీసుకున్నాను. బావ అంపైరు. ఆ పిల్ల "సరేనండీ" అంది. నేను వరసగా ఓడాను. రొయ్యల్ని గుంపుగా పంపితే ఇనుపవాళ్ళు వీపుకి వీపు ఆనించి నిలబడేవాళ్ళు. నా ఎత్తే, నా మీదే! చూసి నేర్చుకుందో, తనకే తట్టిందో తెలియదు.

చివరికి నాకో ఉపాయం తోచింది. ఆ పిల్ల విప్పిన పేజీతోనే ఆ పిల్లని కొట్టాలి. గుంపునంతా నది దగ్గర గోల చెయ్యమని వదిలి, కొన్ని రొయ్యల్ని మాత్రం కొబ్బరి చిప్పల వెనకనుంచి చుట్టూ తిప్పి తీసుకొచ్చాను. ఆ పిల్ల నది వైపే చూస్తూ ఉండిపోయింది. తల తిప్పేసరికి నా రొయ్యలు ఆమె నాయకుణ్ణి చుట్టేసి ఉన్నాయి. తర్వాతి వంతు నాది. ఒకటి తప్ప ఏ అంకె పడినా నాయకుడు పడిపోతాడు, సైన్యం ఆగిపోతుంది. మొదటిసారి ఆ పిల్ల మొహంలో రంగు మారింది. నా ప్రాణం లేచొచ్చింది. పాచిక చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడే అత్తయ్య కుంకుమ భరిణె, లడ్డూ పళ్ళెం పట్టుకుని వచ్చింది. వెనకాలే అమ్మా, నాన్నా. వాళ్ళు ఎప్పుడొచ్చారో కూడా నేను చూడలేదు. అత్తయ్య నా నుదుట బొట్టు పెట్టి, నోట్లో లడ్డూ కుక్కింది.

"మాట అనేసుకున్నాం. మాఘంలో ముహూర్తం. ఇంక మెళ్ళో మూడు ముళ్ళు పడేదాకా ఈ గుమ్మం తొక్కకూడదే కోడలా!"

"ఒక్క వంతు అత్తయ్యా, ఒక్కటే" అన్నాను లడ్డూ నమలలేక.

"సిగ్గులేకపోతే సరి! లే" అంది అమ్మ. నా గుప్పిట విప్పి, పాచిక తీసి బల్ల మీద పెట్టేసింది.

బావ మీద నాకు అయిష్టమేమీ లేదు. వరసైనవాడు, మంచివాడు, ఉద్యోగం కూడా వచ్చింది. ఎవరడిగినా ఊఁ అనే చెప్పేదాన్ని. కానీ ఆ పూట నాకు కావలసింది మొగుడు కాదు. రిక్షాలో అమ్మ పక్కన కూర్చుని ఏడుస్తుంటే, ఆనందమనుకుని అమ్మ కొంగుతో తుడిచింది. ఫరంపేట దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. నేను గుమ్మం తొక్కకూడదు, ఆ పిల్ల మాత్రం మేడ దిగితే చాలు. ఈ న్యాయం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాఘంలో పెళ్ళయింది. మేడ మీద వాటా అప్పటికే ఖాళీ. ఆఫీసరుగారికి మళ్ళీ బదిలీ అయిందట. కాపురానికి వచ్చిన మొదటి మధ్యాహ్నం, అందరూ పడుకున్నాక, బల్ల తుడిచి బీరువా తెరిచాను. పెట్టె లేదు.

"వెళ్తా వెళ్తా అడిగింది. నువ్వింక సంసారం చూసుకుంటావు, ఆడవు గదా అని ఇచ్చేశాను" అన్నాడు బావ.

"నా ఇనపోళ్ళని కూడానా?"

"అన్నీ."

బీరువా తలుపు మూశాను. "మరి ఆ ఆట? నా వంతు దగ్గర ఆగింది గదా, అది ఏమైంది?"

"నీ బదులు నేనాడాను. ఓడిపోయాం."

"ఓడిపోయే ఆట కాదది! ఒకటి పడిందా?"

బావ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఐదు పడింది. ఊరొదిలి వెళ్ళిపోతంది గదా, పాపం అని, చూడనట్టు ఊరుకుని, ఒకటి పడేదాకా మళ్ళీ వేశాను."

నాకు ఏనాడూ వేలెడు దూరం వదలని మనిషి. అమ్మ ఆ రాత్రి కంచం ముందు నా మొహం చూసి ఏమనుకుందో, అది అప్పటికి నిజమైంది.